నోవా వెబ్‌స్టరు: ఉచ్చారణము, అర్థము, వ్యుత్పత్తి

ఆంగ్లభాషలో లిపి యొక త్రోవను, ధ్వని వేఱొక త్రోవను నడచును. 'ఏ' అను నొక్క అక్షరమే ఫేట్, ఫ్యాట్, ఫాల్, ఫాదర్ అను పదములలో నాలుగు విధములుగ పలుకును. వ్రాసినట్లు పలుకుట కలవాటుపడిన సంస్కృతాంధ్ర విద్యార్థికి ఇది వింతగ తోచును. ఆ భాష మాతృభాషయైన బాలురకును ఈ క్లేశము తప్పలేదు. దానిని తొలగించుటకును, పదముల అర్థములను నిర్ణయించుటకును జీవితము ధారవోసిన అమెరికా దేశీయుడు నోవా వెబ్‌స్టరు.

ఇతడు 1758 అక్టోబరు 16వ తేదీన కనెక్టికట్‌లోని హార్ట్‌ఫర్డు పశ్చిమభాగమున కర్షకకుటుంబమునందు జన్మించెను. తండ్రి పొలమును తాకట్టుపెట్టి కుమారుని యేల్ కళాశాలలో చదివించెను. 1778లో పట్టభద్రుడైన పిదప వెబ్‌స్టరు న్యాయశాస్త్రము నభ్యసించెను. కాని జీవనార్థము ఉపాధ్యాయవృత్తి నవలంబింపవలసి వచ్చెను. ఆ వృత్తియే యాతని జీవితమార్గమును నిర్ణయించెను.

నాటి బడులలో థామస్ డిల్‌వర్తు అను ఆంగ్లేయుడు రచించిన వాచకము వాడుకలో నుండెను. అందలి పదవిభాగము చెవికి సరిపడకుండెను. హ్యాబిట్ అను పదమును అచ్చు తరువాత విఱుచుటచే అది 'హే-బిట్' అని పలుకవలెనేమో యని బాలురు భ్రమించుచుండిరి. వెబ్‌స్టరు హల్లు తరువాత విఱిచి 'హ్యాబ్-ఇట్' అని చూపెను. సాల్వేషన్ వంటి పదముల తుది భాగమును పాతవాచకము రెండుగ చీల్చగా, ఇతడు 'షన్' అను నొకే ధ్వనిగ నేర్పెను. అచ్చుల ధ్వనిభేదమును అంకెలతో సూచించెను. పలుకబడని అక్షరములను వాలుటక్షరములతో ముద్రింపించెను. 1783లో హార్ట్‌ఫర్డున వెలువడిన ఈ పుస్తకము, తరువాతి కాలమున దాని నీలిరంగు అట్టను బట్టి ప్రసిద్ధికెక్కి, పెక్కు తరముల బాలురకు అక్షరాభ్యాసగ్రంథమయ్యెను.

పిమ్మట ఆతని దృష్టి నిఘంటువుపై నిలిచెను. 1806లో సుమారు 37,000 పదములతో చిన్న నిఘంటువును ప్రకటించెను. ఆపై బృహత్కార్యమునకు పూనుకొని ఇరువదేండ్లు శ్రమించి, 1825లో ఇంగ్లండునందలి కేంబ్రిడ్జి నగరమున వ్రాతప్రతిని ముగించెను. అది 70,000 పదములతో రెండు సంపుటములుగ 1828లో వెలువడెను. అప్పటికి ఆతడు డెబ్బదియేండ్ల వృద్ధుడు. 1755 నాటి శామ్యూల్ జాన్సను నిఘంటువు మహాకవుల ప్రయోగములకు ప్రాధాన్య మొసగెను. వెబ్‌స్టరు న్యాయ, విజ్ఞానశాస్త్ర పదములను, స్కంక్ అను జంతువు, స్క్వాష్ అను గుమ్మడిజాతి కాయ మొదలగు అమెరికా దేశపు మాటలను చేర్చి, అర్థములను క్లుప్తముగ, స్పష్టముగ విభజించెను. కలర్, సెంటర్ మున్నగు పదములకు ఆతడు స్థిరపఱచిన వర్ణక్రమము ఆ దేశమున నిలిచినది.

అయితే వ్యుత్పత్తి విషయమున ఈ మేధావి పొరపడెను. బైబిలు కథనమును ప్రమాణముగ గొని, సకల భాషలకును కాల్డియను భాష మూలమని తలంచెను. హల్లుల పోలికను బట్టి పెక్కు భాషల పదములను ఏకమూలమునకు చేర్చెను. కలకత్తాలో విలియం జోన్సు 1786లోనే సంస్కృత, గ్రీకు, లాటిను భాషల సాజాత్యమును ప్రకటించియుండెను. జర్మనీలో ఫ్రాంజ్ బాప్ 1816లో దానిని క్రియారూపములతో నిరూపించెను. పితృ-ఫాదర్, త్రి-త్రీ అనుచోట్ల ధ్వనిమార్పు నియమబద్ధమని ఆ విద్య తేల్చెను. సంస్కృతమున పకారము, తకారము ఉన్నచోట ఆంగ్లమున వేఱు ధ్వనులు వచ్చుట యాదృచ్ఛికము కాదు. బడిలో ధ్వనిని అంత శ్రద్ధగ విన్నవాడు, ధ్వనుల చరిత్రలోని ఈ నియమమును గ్రహింపలేదు.

1828 నాటి నిఘంటువు 2,500 ప్రతులు మాత్రమే ముద్రితమయ్యెను. 1841 నాటి ద్వితీయ ముద్రణమునకై వెబ్‌స్టరు ఇల్లు తాకట్టుపెట్టెను. ఒకనాడు ఆతని విద్యకై తండ్రి పొలము తాకట్టుపడగా, ఇప్పుడు ఆ విద్యాఫలమునకై సొంతయిల్లు తాకట్టుపడెను. 1843 మే 28వ తేదీన న్యూహేవన్‌లో ఆతడు పరమపదించెను. గ్రంథపు హక్కులను మెరియం సోదరులు కొనిరి. 1864 నాటి ముద్రణమున జర్మను పండితుడు మాన్ వ్యుత్పత్తులను నూతన భాషాశాస్త్రము ననుసరించి తిరుగవ్రాసెను. సంస్కృతాధ్యయనమున పుట్టిన విద్య ఈ విధముగ ఆంగ్లనిఘంటువును సంస్కరించెను. దోషము తొలగెను, గుణము నిలిచెను. అందుచేతనే ఆతని పేరు నేటికిని నిఘంటువునకు పర్యాయపదమువలె వ్యవహరింపబడుచున్నది.