కన్నీళ్లు దాచుకోని లూథర్

మార్టిన్ లూథర్ అనగానే మనకు 1521లో వర్మ్స్ సభలో చక్రవర్తి ఎదుట తలవంచని విశ్వాసవీరుడు గుర్తొస్తాడు. నడివయసులో, వృద్ధాప్యంలో తన దుఃఖాన్ని దాచుకోని లూథర్ మనలో చాలామందికి తెలియడు.

1527 జూలైలో, 43 ఏళ్ల వయసులో ఆయన జబ్బుచేసి స్పృహ తప్పాడు. శరీరం తేరుకున్నా మనసు నెలల తరబడి తేరుకోలేదు. క్రీస్తు తనకు దూరమయ్యాడేమోనన్న వేదన. బోధకుడై ఉండి ఆ మాట బయటికి చెప్పవచ్చా? ఆయన చెప్పాడు. మెలాంక్తన్‌కు ఉత్తరం రాసి, తనకోసం ప్రార్థించమని బతిమాలుకున్నాడు. ఊళ్లో ప్లేగు వ్యాపించిన ఆ రోజుల్లో సంఘకాపరి బూగెన్‌హాగన్ ఆయన ఇంటికే వచ్చి తోడుగా ఉన్నాడు. మరుసటి ఏడు పసికందు ఎలిజబెత్ చనిపోయినప్పుడు, తండ్రి గుండె ఇంత మెత్తనిదని తాను ఎన్నడూ అనుకోలేదని ఒక మిత్రునికి రాశాడు.

అందుకే కాబోలు, 1530లో తన కుమారునికి చదువు చెప్పే జెరోమ్ వెల్లర్ దిగులుతో కుంగిపోతే, ఒంటరిగా ఉండవద్దని, నలుగురితో కూర్చుని నవ్వుతూ మాట్లాడమని సలహా ఇచ్చాడు. మన సంఘాల్లో ప్రార్థనాంశాలు అడిగితే మోకాళ్ల నొప్పులు, షుగరు చెబుతాం. మనసులోని బరువు మాత్రం పెద్దవాళ్లం కదా అని మింగేస్తాం.

1542 సెప్టెంబరులో 13 ఏళ్ల మగ్దలేనా మంచం పట్టింది. అన్నను చూడాలని ఆరాటపడితే తోర్గౌలో చదువుకుంటున్న హాన్స్‌ను పిలిపించాడు. లూథర్ మంచం పక్కన మోకరించి ఏడ్చాడు. ఆయన చేతుల్లోనే పాప ప్రాణం విడిచింది. కూతురు ప్రభువు దగ్గరే ఉందని ఆయనకు నిశ్చయమే. అయినా క్రీస్తు మరణాన్ని తలచుకున్నా ఈ దుఃఖం పూర్తిగా పోవడం లేదని యూస్టస్ యోనాస్‌కు రాశాడు, తమ తరఫున దేవునికి కృతజ్ఞతలు చెప్పమని కోరాడు. విశ్వాసం తక్కువై రాసిన ఉత్తరం కాదది. లాజరు సమాధి దగ్గర ప్రభువు కూడా ఏడ్చాడు కదా!

ఆ దుఃఖంతోనే ఆయన బోధించాడు, రాశాడు, భోజనపు బల్ల చుట్టూ విద్యార్థులతో మాట్లాడాడు. 1546 ఆరంభంలో, 62వ ఏట, ప్రభువుల తగవు తీర్చడానికి చలిలో ఐస్లేబెన్ వెళ్లాడు. దారిలో నీరసించిన సంగతి భార్య కేథరీనాకు రాశాడు. ఆమె బెంగపడితే హాస్యమాడుతూ ధైర్యం చెప్పాడు. ఫిబ్రవరి 14న, త్వరలో ఇంటికి వస్తానని రాసి, తనకు కానుకగా వచ్చిన చేపలు ఆమెకు పంపాడు. నాలుగు రోజులకు ఆ ఊళ్లోనే కన్నుమూశాడు. యోనాస్ ఆయన పక్కనే ఉన్నాడు.