చిన్నపిల్లల స్కర్టులో వింబుల్డన్ రాణి

టెన్నిస్ కోచింగుకి వెళ్ళే మన పిల్లలకి తేలికపాటి టీషర్టు, షార్ట్సు కొనిస్తాం. ఇది మామూలే అనుకుంటాం. కానీ ఆడపిల్లకి పరిగెత్తడానికి వీలైన బట్ట దొరకడమే అదృష్టంగా ఉన్న కాలం ఒకటుంది. ఆ కాలం అమ్మాయే లొట్టీ డాడ్.

లొట్టీ 1871 సెప్టెంబరు 24న ఇంగ్లండులోని చెషైర్ ప్రాంతంలో, బెబింగ్టన్‌లో పుట్టింది. తండ్రి పత్తి వ్యాపారి. ఇంటి దగ్గరే టెన్నిస్ కోర్టు ఉండడంతో అక్కతో, అన్నలతో ఆడుతూ పెరిగింది.

1887లో మొదటిసారి వింబుల్డన్‌కి వచ్చింది. అప్పటికి ఇంకా పదహారు నిండలేదు. ఆ రోజుల్లో ఆడవాళ్ళు చీలమండల దాకా స్కర్టు, లోపల పావడాలు, నడుము బిగించే కార్సెట్ వేసుకుని ఆడేవాళ్ళు. వంగాలన్నా, పరిగెత్తాలన్నా కష్టమే. లొట్టీ ఇంకా చిన్నపిల్ల కాబట్టి పిక్కల దాకా ఉండే స్కర్టు, నల్ల మేజోళ్ళు వేసుకున్నా ఎవరూ తప్పు పట్టలేదు. కాళ్ళు ఆడాయి, ఆట సాగింది. అంతకుముందు ఏడాది విజేత బ్లాంచ్ బింగ్లీని 6-2, 6-0తో ఓడించింది. సింగిల్స్‌లో అంత చిన్న వయసులో గెలిచిన మహిళ ఇప్పటికీ ఆమే.

గెలుపు బట్టదే అనడం లేదు. ప్రతిభ ఉంది, సాధన ఉంది. కానీ వేలాడే బట్టతో స్కాఫోల్డింగ్ ఎక్కితే ఏమవుతుందో సైటులో పనిచేసే మాలాంటి వాళ్ళకి బాగా తెలుసు. పనికి తగ్గ బట్ట ఉంటేనే చేతనైన పని బయటికొస్తుంది.

విచిత్రం ఏమిటంటే, పెద్దయ్యాక లొట్టీకీ పొడవు స్కర్టు తప్పలేదు. ఆడవాళ్ళ దుస్తులు ఆటకి ఎంత అడ్డమో తర్వాత ఆమే రాసింది. అయినా 1888, 1891, 1892, 1893లలో మళ్ళీ వింబుల్డన్ గెలిచింది. హాకీలో ఇంగ్లండు తరఫున ఆడింది. 1904లో బ్రిటిష్ మహిళల గోల్ఫ్ టైటిల్, 1908 ఒలింపిక్స్‌లో విలువిద్యలో రజతం సాధించింది. 1960 జూన్ 27న 88 ఏళ్ళ వయసులో కన్నుమూసింది.

పెద్దవాళ్ళకి పిక్కల స్కర్టు రావడానికి 1919లో సుజాన్ లెంగ్లెన్ దాకా ఆగాల్సి వచ్చింది. తెల్ల దుస్తులే వేసుకోవాలనే వింబుల్డన్, స్కర్టు లోపల ముదురు రంగు షార్ట్సుకి మహిళలకీ బాలికలకీ అనుమతిచ్చింది 2023లోనే.

అమ్మాయి పెద్దదవుతోందని ఆట మాన్పించే ముందు లొట్టీని ఒకసారి గుర్తు చేసుకుందాం. బట్ట కొనేటప్పుడు అందులో పిల్ల హాయిగా పరిగెత్తగలదా అని చూద్దాం.