ఎముకకు పాకిన రాచపుండు – డాక్టర్ చార్లెస్ హగిన్స్

రాచపుండు పుట్టిన చోటనే ఉన్నంతకాలము శస్త్రవైద్యునకు కొంత ఆశ ఉండును. కటి ఎముకకు, వెన్నెముకకు పాకిన పిమ్మట కత్తితో సాధింపగలది స్వల్పము. 1940 ప్రాంతమున అట్టి రోగులకు వైద్యుడు ఈయగలిగినది మార్ఫియా, కొంత ఎక్స్-రే చికిత్స, ఓదార్పు మాత్రమే. ఆ నిస్సహాయతను సడలించిన డాక్టర్ చార్లెస్ బ్రెంటన్ హగిన్స్ జీవితమును విద్యార్థి మిత్రులకు పరిచయము చేయదలచితిమి.

హగిన్స్ 1901 సెప్టెంబరు 22న కెనడాలోని హాలిఫాక్స్ నగరమున జన్మించెను. 1924లో హార్వర్డ్ వైద్య కళాశాల పట్టమును పొంది, మిషిగన్‌లో శస్త్రవైద్యమభ్యసించి, 1927లో షికాగో విశ్వవిద్యాలయమున చేరెను. తనకు ప్రత్యేక శిక్షణ లేని మూత్రవ్యాధుల శాఖను అప్పగింపగా, గ్రంథములు చదివి తానే నేర్చుకొనెను.

పురుషులకు మూత్రాశయము దిగువన ప్రోస్టేట్ గ్రంథి ఉండును. అందలి రాచపుండు తరచుగా కటి ఎముకకు, నడుము వెన్నుపూసలకు పాకును. ఆ ప్రాంతపు సిరలు వెన్నెముక చుట్టునున్న సిరలతో కలిసియున్నవని 1940లో ఫిలడెల్ఫియాకు చెందిన బాట్సన్ చూపెను. ఈ గ్రంథి ఆసిడ్ ఫాస్ఫటేజ్ అను పదార్థమును తయారుచేయును. వ్యాధి ఎముకలకు పాకిన రోగుల రక్తమున అది అధికముగా ఉండుట 1938లో న్యూయార్క్‌లో గట్‌మన్ దంపతులు కనుగొనిరి.

హగిన్స్ అప్పటికే కుక్కలపై ప్రయోగములు చేయుచుండెను. ముసలి కుక్కలకును ప్రోస్టేట్ గడ్డలు కలుగును. వృషణములను తొలగించినచో గ్రంథి కృశించెను. పురుష హార్మోనునిచ్చినచో మరల పెరిగెను. అట్లయిన, ఎముకలో స్థిరపడిన రాచపుండు తన పుట్టింటి స్వభావమును నిలుపుకొనునా? ఆయన శోధన అంతయు ఈ ప్రశ్నయే. 1941లో క్లారెన్స్ హాడ్జెస్‌తో కలిసి సమాధానమును ప్రకటించెను. వృషణములను తొలగించినను, స్త్రీ హార్మోనునిచ్చినను రోగి రక్తమున ఆసిడ్ ఫాస్ఫటేజ్ తగ్గెను. పురుష హార్మోనునిచ్చిన పెరిగెను. వ్యాధి ముదిరిన 21 మందికి శస్త్రచికిత్స జరుపగా, పలువురికి ఎముకల నొప్పి శమించెను, ఆకలి పుట్టెను.

ఒకే రక్తపరీక్ష వ్యాధిని గుర్తించుటకును, చికిత్స ఫలించుచున్నదో లేదో కొలుచుటకును పనికివచ్చినది. చికిత్సకంటె ఈ కొలమానమే గొప్పదని మేము తలంతుము. నొప్పి తగ్గినదని రోగి చెప్పిన మాటకు తోడు, వైద్యుని చేత ఒక అంకె నిలిచినది.

ఇది పూర్తి నివారణ కాదు. పురుషుడు చెల్లింపవలసిన మూల్యము కూడ చిన్నది కాదు. పెక్కుమందిలో కొంతకాలమునకు వ్యాధి తిరుగబెట్టెను. అందుకు హగిన్స్ అడ్రినల్ గ్రంథులను తొలగించి, వాటి లోటును కార్టిసోన్‌తో పూరించుటకు యత్నించెను; ఆ మార్గమున రొమ్ము రాచపుండును కూడ శోధించెను. నేడు ఆసిడ్ ఫాస్ఫటేజ్ స్థానమును పి.ఎస్.ఎ. పరీక్ష ఆక్రమించినది. ఎముకల స్కాను మచ్చలను చూపును. హార్మోనును ఆపు ఇంజెక్షన్లు చాలమందికి శస్త్రచికిత్సను తప్పించినవి. నొప్పి పుట్టించు ఎముకకు రేడియేషను కలదు. అయినను మన ఇండ్లలో వృద్ధులు మూత్రబాధను సిగ్గుతో దాచి, విడువని తుంటి నొప్పిని వాతమని తైలము రాచుకొనుచునే యున్నారు.

1951 నుండి 1969 వరకు హగిన్స్ షికాగోలో బెన్ మే క్యాన్సర్ పరిశోధనాలయమునకు సంచాలకుడుగా నుండెను. 1966లో, అనగా తొలి ప్రకటన వెలువడిన 25 ఏండ్లకు, పేటన్ రౌస్‌తో కలిసి నోబెల్ బహుమతిని పంచుకొనెను. 1997 జనవరి 12న, తన 95వ ఏట, షికాగోలోనే కన్నుమూసెను.