కడచూపు దక్కని కవి

పోయేటప్పుడు అయినవాళ్ళు పక్కన ఉండాలని కోరుకోని వాళ్ళుంటారా? రెండువేల ఏళ్ళ కిందట రోమ్‌లో ప్రేమ కవితలు రాసిన ఓవిడ్ ఈ కోరికని ముందు మరో కవి తరఫున రాశాడు. తర్వాత తనకోసమే రాసుకోవాల్సి వచ్చింది.

ఓవిడ్ క్రీ.పూ. 43లో ఇటలీలోని సుల్మోలో పుట్టాడు. కలిగిన కుటుంబం. కవిత్వం కూడు పెట్టదని తండ్రి పోరు. కొన్నాళ్ళు చిన్న చిన్న పదవులు చేశాడు గానీ మనసంతా కవిత్వం మీదే. అప్పటికే టిబుల్లస్ ప్రేమ కవిగా పేరు మోశాడు. ఓవిడ్‌కి ఆయనంటే ఎంతో గురి. కానీ స్నేహం పెరిగే వ్యవధి లేకుండానే క్రీ.పూ. 19లో టిబుల్లస్ చనిపోయాడు. అప్పటికి ఓవిడ్‌కి 24 ఏళ్ళు.

టిబుల్లస్ ఒకసారి ప్రయాణంలో జబ్బుచేసి కోర్ఫు దీవిలో ఉండిపోయాడు. ఇక్కడే పోతే అస్థికలు ఏరడానికి తల్లి లేదు, ఏడవడానికి తోబుట్టువు లేదు అని బెంగపడుతూ కవిత రాశాడు. ఓవిడ్ దాన్ని గుర్తుంచుకున్నాడు. టిబుల్లస్ మీద రాసిన స్మృతి కవితలో, నయం, తల్లి చేతులే ఆయన కళ్ళు మూశాయి, తోబుట్టువు పక్కనే ఉంది అని ఊరట చెప్పుకున్నాడు.

ఇంకో ముచ్చట. ప్రాణం పోయే వేళ పట్టుతప్పే చేత్తో డీలియాని పట్టుకుని ఉండాలని టిబుల్లస్ రాశాడు. తర్వాత కవితల్లో నెమెసిస్ అనే మరో ఆమె వచ్చింది. ఓవిడ్ ఇద్దర్నీ చితి దగ్గర నిలబెట్టాడు. నన్ను ప్రేమించినప్పుడే ఆయన సుఖపడ్డాడంటుంది డీలియా. చివరికి ఆ చెయ్యి పట్టుకున్నది నన్నే అంటుంది నెమెసిస్. డీలియా కోసం దాచిన మాట సవతి లాంటి మనిషి నోట! టిబుల్లస్‌ని చదివినవాళ్ళకి మనసు చివుక్కుమనదూ?

క్రీ.శ. 8లో అగస్టస్ చక్రవర్తి ఓవిడ్‌ని నల్ల సముద్రం ఒడ్డున తోమిస్‌కి పంపేశాడు. ఇప్పుడది రొమేనియాలో ఉంది. ఒక కవిత, ఒక పొరపాటు కారణమన్నాడే గానీ ఆ పొరపాటేమిటో ఓవిడ్ చెప్పనేలేదు. భార్య రోమ్‌లోనే ఉండిపోయింది. అక్కడ జబ్బుపడి ఆమెకి కవితలో ఉత్తరం రాశాడు. అందులో ఉన్నది కోర్ఫులో టిబుల్లస్ పడ్డ బెంగే. కళ్ళు మూసే చెయ్యి లేదు, ఏడ్చే మనిషి లేదు. అస్థికలైనా చిన్న పాత్రలో ఇంటికి తెప్పించమని వేడుకున్నాడు.

కోర్ఫు నుంచి టిబుల్లస్ తిరిగొచ్చాడు. ఓవిడ్ రాలేదు. క్రీ.శ. 17 ప్రాంతంలో తోమిస్‌లోనే పోయాడు. ఆ శిక్ష రద్దయినట్టేనని రోమ్ నగర మండలి తీర్మానించింది, 2017లో!