మాట వచ్చింది, బొమ్మ రాలేదు

నిరుడు నాన్నగారికి రాయ్‌పూర్ బదిలీ అయి, మేము తెలీబంధాలో ఇల్లు తీసుకున్నాం. లారీలోంచి సామాను దించిన సాయంత్రం టీవీ పెడితే మాట వినిపించింది, బొమ్మ రాలేదు. మన ఇళ్లల్లో ఇది కొత్త కాదు, ప్రతి బదిలీకీ ఏదో ఒకటి పాడవుతుంది. కానీ నాయనమ్మకు హిందీ రాదు. ఈ ఊళ్లో ఆవిడకు కాలక్షేపం ఆ తెలుగు ఛానెళ్లే. రెండు రోజులు నల్లటి తెర ముందు కూర్చుని సీరియల్ విన్నారు.

రిమోట్ నొక్కాం, వైర్లు ఊడదీసి పెట్టాం, లాభం లేకపోయింది. మూడో రోజు వచ్చిన మెకానిక్ గదిలో లైట్లు ఆర్పి, తెర మీదికి టార్చి ఏటవాలుగా వేశాడు. మసకమసకగా మనుషులు కదులుతూ కనిపించారు! బొమ్మ వస్తూనే ఉంది, వెనక వెలగాల్సిన ఎల్‌ఈడీలే వెలగడం లేదు. మాటకూ బొమ్మకూ లోపల దారులు వేరట. ఆ ముక్క పట్టుకుని పుస్తకాలు తిరగేస్తే జాన్ లోగీ బెయర్డ్ దొరికాడు.

ఆయన 1888 ఆగస్టు 13న స్కాట్లాండులోని హెలెన్స్‌బరోలో పుట్టాడు. తండ్రి చర్చి పాస్టరు. బెయర్డ్ చిన్నప్పటి నుంచీ జబ్బు మనిషి, సైన్యంలోకి కూడా తీసుకోలేదు. మేజోళ్లు అమ్మాడు, ట్రినిడాడ్ వెళ్లి జామ్ చేశాడు, లండన్‌లో సబ్బులు అమ్మాడు. ఏదీ నిలవలేదు. 1923లో హేస్టింగ్స్ అనే సముద్రతీరపు ఊరు చేరి, రేడియోలో వినిపించే మాటకు బొమ్మ తెస్తానని కూర్చున్నాడు.

సామగ్రి వింటే మీరు నవ్వుతారు. టీ పెట్టె, టోపీ పెట్టుకునే అట్టపెట్టె, సూదులు, సైకిల్ దీపం అద్దాలు, లక్క. అసలు పనిముట్టు మాత్రం చిల్లులున్న ఒక గుండ్రటి పళ్లెం. అది గిర్రున తిరుగుతుంటే ఒక్కొక్క చిల్లు ముఖంలో ఒక్కొక్క గీతను చూస్తుంది. ఆ వెలుగునీడలు కరెంటుగా మారి అవతలికి వెళ్తాయి. అక్కడ అదే వేగంతో తిరిగే మరో పళ్లెం వెనక దీపం మినుకుమినుకుమంటూ ఆ గీతలను మళ్లీ పేరుస్తుంది. మొత్తం 30 గీతలే. ఇప్పటి హెచ్‌డీ తెరలో 1080.

ఒకరోజు కరెంటు షాక్ కొట్టి చెయ్యి కాలింది, ఇంటి యజమాని ఖాళీ చేయమన్నాడు. (టీవీ వెనక మూత మీరు విప్పకండి. ప్లగ్గు తీసినా లోపలి కెపాసిటర్లలో కరెంటు మిగిలి ఉంటుంది.) బెయర్డ్ లండన్‌లోని ఫ్రిత్ వీధికి మకాం మార్చాడు.

1925 అక్టోబరు 2న ఒక ఆట బొమ్మ తల తెర మీద స్పష్టంగా కనిపించింది. బెయర్డ్ కింది అంతస్తుకు పరుగెత్తి, విలియం టేంటన్ అనే ఆఫీసు కుర్రవాణ్ణి లాక్కొచ్చి దాని స్థానంలో కూర్చోబెట్టాడు. పక్క గదిలోకి వెళ్లి చూస్తే తెర ఖాళీ! యంత్రం ఏమైందోనని వెనక్కి వచ్చి చూశాడు. యంత్రం బాగానే ఉంది, దీపాల వేడికి తాళలేక కుర్రవాడే పక్కకు జరిగాడు. చేతిలో రెండున్నర షిల్లింగులు పెట్టి మళ్లీ కూర్చోబెట్టాక ముఖం కనిపించింది. మా మెకానిక్ టార్చి కంటే ఇది మాకు బాగా నచ్చింది. 1926 జనవరి 26న శాస్త్రజ్ఞులకు చూపించాడు.

1929 సెప్టెంబరులో బీబీసీ ప్రసారాలు మొదలైతే ఇంకో చిక్కు వచ్చింది. వాళ్లిచ్చింది ఒకటే ట్రాన్స్‌మిటర్. అందుకని ముందు మనిషి బొమ్మ పంపేవారు, తర్వాత అదే మనిషి మాట. 1930 మార్చి 31 దాకా రెండూ కలవలేదు. మన దగ్గర దీనికి తిరగేసిన సంగతి జరిగింది. 1975లో ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ చూపించిన సైట్ ప్రయోగంలో బొమ్మ ఒకటి, మాటల దారులు రెండు. ఆ ప్రయోగంలో అప్పటి ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి, ఈ రాయ్‌పూర్ జిల్లా పల్లెలూ ఉన్నాయి.

బెయర్డ్‌కు మాత్రం చివర కలిసిరాలేదు. తిరిగే పళ్లెం అవసరం లేని 405 గీతల పద్ధతి పోటీకి వచ్చింది. 1936 నవంబరు 30న క్రిస్టల్ పాలెస్ తగలబడి ఆయన ప్రయోగశాల చాలావరకు బూడిదైంది. 1937 ఫిబ్రవరిలో బీబీసీ ఆయన పద్ధతిని వదిలేసింది. అయినా ఆగకుండా 1944లో రంగుల టీవీ గొట్టం చేసి చూపించాడు. యుద్ధం వల్ల మూసేసిన టీవీ 1946 జూన్ 7న మళ్లీ మొదలైంది. వారానికి, జూన్ 14న, ఆయన పోయాడు.

ఆయన 1927, 28ల్లో బొమ్మలను గ్రామఫోన్ రికార్డుల మీద కూడా ఎక్కించాడు. వాటిని వాయిస్తే ఒక రకం గరగర మాత్రం వినిపించేది, సరైన బొమ్మ రాబట్టడం ఆయన వల్ల కాలేదు. 1980ల నుంచి కంప్యూటర్లతో ఆ గరగరను విడదీస్తూ వచ్చారు. ఇప్పుడు అందులోంచి ముఖాలు కనిపిస్తున్నాయి.