సీ భాషా నిర్మాత డెన్నిస్ రిచీ

2011 అక్టోబరు 12న అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, బర్క్లీ హైట్స్‌లోని స్వగృహంలో డెన్నిస్ రిచీ మరణించి కనిపించారు. సరిగ్గా వారం ముందు కన్నుమూసిన స్టీవ్ జాబ్స్‌కు ప్రపంచమంతా నివాళులర్పిస్తున్న రోజులవి. జాబ్స్ ఫోన్ల లోపలి వ్యవస్థకు సైతం రిచీ రూపొందించిన సీ భాషే ఆధారమన్న సంగతి అప్పుడు చాలామందికి స్ఫురించలేదు.

1941 సెప్టెంబరు 9న న్యూయార్క్ రాష్ట్రంలోని బ్రాంక్స్‌విల్‌లో జన్మించిన రిచీ, హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం అభ్యసించారు. తండ్రి పనిచేసిన బెల్ ప్రయోగశాలల్లోనే 1967లో చేరారు. మరుసటి ఏడాది సిద్ధాంత గ్రంథం పూర్తిచేసినా, బైండు చేసిన ప్రతిని సమర్పించనందున డాక్టరేటు పట్టా ఆయనకు అందనే లేదు. పట్టాలపై ఆయనకున్న మోజు అంతే!

సహోద్యోగి కెన్ థామ్సన్‌తో కలిసి యూనిక్స్ వ్యవస్థను తీర్చిదిద్దుతున్న నాటి పీడీపీ-11 యంత్రంలో మెమొరీ 24 కిలోబైట్లు మాత్రమే. అందులో 16 వ్యవస్థకే సరిపోయేవి. నేటి ఫోను తీసే ఒక్క ఫొటో కూడా ఆ యంత్రంలో ఇమడదు. ఆ ఇరుకులోనే, థామ్సన్ రాసిన బీ భాషను విస్తరిస్తూ రిచీ సీ భాషను నిర్మించారు. 1972లో యూనిక్స్‌ను అందులోకి తిరగరాయబోయి థామ్సన్ విరమించుకున్నారు. వేర్వేరు రకాల వివరాలను ఒకే మూటగా కట్టే స్ట్రక్చర్ అప్పటికి భాషలో లేదు. రిచీ దానిని చేర్చాక 1973 వేసవిలో ఆ కార్యం నెరవేరింది.

స్ట్రక్చర్‌కు, మెమొరీలోని చిరునామాను దాచే పాయింటర్ తోడైతే ఎంతైనా పెరగగల జాబితా సాధ్యమవుతుంది. రైల్వే నిరీక్షణ జాబితాలో ఎందరు చేరతారో ముందుగా తెలియదు. కొత్త పేరు వచ్చినప్పుడల్లా ప్రోగ్రాము కొంత మెమొరీని అడిగి తీసుకుంటుంది. ప్రతి పేరూ తన తరువాతి పేరు చిరునామాను వెంట ఉంచుకుంటుంది. నడుమ ఒక పేరు తొలగితే, రైలుపెట్టెను విడదీసినట్లు ముందుదానిని వెనుకదానికి తగిలిస్తే చాలు. అయితే తొలగిన పేరు ఆక్రమించిన చోటును తిరిగి అప్పగించవలసింది ప్రోగ్రామరే. భాష గుర్తుచేయదు. మరచిపోతే మెమొరీ క్రమంగా నిండిపోతుంది. అప్పగించిన చోటునే మళ్లీ వాడితే సమాచారం చెడి, చొరబాటుదారులకు దారి దొరుకుతుంది.

అడుగడుగునా తనిఖీ చేసే భాషకు నాటి యంత్రంలో తావు లేదు కనుక ఇందుకు రిచీని తప్పుపట్టడం న్యాయం కాదు. కానీ మూల్యం మాత్రం నిజమే. మెమొరీకి భద్రతనిచ్చే భాషలకు మారాలని 2024 ఫిబ్రవరిలో శ్వేతసౌధపు సైబర్ కార్యాలయం సాఫ్ట్‌వేర్ నిర్మాతలను కోరింది. అయినా లినక్స్ మూలభాగంలో అత్యధికం నేటికీ సీలోనే ఉంది.

1983లో థామ్సన్‌తో పాటు ట్యూరింగ్ పురస్కారం అందుకున్న రిచీ, 2007లో పదవీ విరమణ చేశారు. బ్రయాన్ కెర్నిఘన్‌తో కలిసి 1978లో వెలువరించిన సీ పాఠ్యగ్రంథపు చివరి అధ్యాయంలో, అడిగినవారికి మెమొరీని ఇచ్చి తిరిగి స్వీకరించే ఏర్పాటును సైతం సీలోనే రాసి చూపారు. ఖాళీ చోట్ల లెక్కను అందులో నిలిపి ఉంచేది ఒక గొలుసు జాబితాయే.