సలీం అలీ: డిగ్రీ లేదని ఉద్యోగం ఇవ్వలేదు.. చివరికి దేశానికే ‘బర్డ్‌మ్యాన్’ అయ్యారు!

ఫోన్ తీసి ఓ పిట్టను ఫొటో కొడితే చాలు.. దాని పేరేంటో యాప్ చెప్పేస్తోంది. కానీ వందేళ్ల క్రితం ముంబైలో ఓ పిల్లాడికి ఒక్క పిచ్చుక పేరు తెలుసుకోవడానికి ఓ ఆఫీసు మెట్లెక్కాల్సి వచ్చింది. ఆ మెట్లే అతడి జీవితాన్ని మార్చేశాయి. అతడే సలీం అలీ.. బర్డ్‌మ్యాన్ ఆఫ్ ఇండియా.

అమ్మానాన్న లేరు.. చేతిలో ఎయిర్‌గన్!

1896 నవంబర్ 12న బొంబాయిలో పుట్టారు సలీం అలీ. పదిమంది సంతానంలో ఆయనే చివరివాడు. ఏడాది వయసులో తండ్రి, మూడేళ్లకు తల్లి చనిపోయారు. ఖేత్‌వాడిలో ఉండే మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ, అత్త హమీదా బేగం పెంచుకున్నారు.

పిల్లాడికి ఎయిర్‌గన్ అంటే పిచ్చి. కనిపించిన పిచ్చుకనల్లా కొట్టేవాడు. ఓరోజు కిందపడిన పిచ్చుక గొంతు మీద పసుపు మచ్చ కనిపించింది. ఇదేం పిట్ట? మేనమామకూ తెలియదు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ (బీఎన్‌హెచ్‌ఎస్) ఆఫీసుకు వెళ్లి అడగమన్నారు.

అక్కడి కార్యదర్శి మిల్లార్డ్ ఆ పిల్లాడిని కసురుకోలేదు. అది పసుపు గొంతు పిచ్చుక అని చెప్పారు. అంతటితో ఆగకుండా, భద్రపరిచిన పక్షుల నమూనాలున్న అరలు ఒక్కొక్కటీ తెరిచి చూపించారు. చదువుకోమని పుస్తకాలిచ్చారు. పిట్టల్ని కొట్టడమే తెలిసిన పిల్లాడు.. వాటిని చూడటం మొదలుపెట్టింది అక్కడి నుంచే.

డిగ్రీ లేదు.. ఉద్యోగం రాలేదు

చదువు మాత్రం సాఫీగా సాగలేదు. సెయింట్ జేవియర్స్ కాలేజీలో మొదటి ఏడాదే కష్టమనిపించింది. కుటుంబానికి ఉన్న టంగ్‌స్టన్ గనులు, కలప వ్యాపారం చూసుకోవడానికి బర్మా వెళ్లిపోయారు. చుట్టూ అడవే.. ఇంకేముంది? వ్యాపారం కన్నా పిట్టల మీదే ధ్యాస. తర్వాత ముంబైకి వచ్చి జువాలజీ చదివినా యూనివర్సిటీ డిగ్రీ మాత్రం చేతికి రాలేదు. 1918లో తెహ్మీనాతో పెళ్లయింది. బర్మా వ్యాపారం కూడా చివరికి కలిసిరాలేదు.

జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పక్షి శాస్త్రవేత్త పోస్టు ఉందని తెలిసి ప్రయత్నించారు. డిగ్రీ లేదన్న కారణంతో దక్కలేదు. 1926లో ముంబైలోని ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో గైడ్ లెక్చరర్‌గా చేరారు. రెండేళ్ల తర్వాత సెలవు పెట్టి జర్మనీ వెళ్లారు. బెర్లిన్‌లో ప్రొఫెసర్ ఎర్విన్ స్ట్రెస్‌మాన్ దగ్గర పక్షిశాస్త్రం నేర్చుకున్నారు.

1930లో తిరిగొచ్చేసరికి మరో షాక్. నిధులు లేవంటూ మ్యూజియంలో ఆయన పోస్టే ఎత్తేశారు!

ఉద్యోగం పోయింది.. గిజిగాడు దొరికాడు

చేతిలో పని లేదు. ముంబైలో ఇల్లు నడపడం కష్టం. భార్యతో కలిసి అలీబాగ్ దగ్గర్లోని కిహీం అనే సముద్రతీర గ్రామానికి మకాం మార్చారు. అక్కడే గిజిగాళ్లు గూళ్లు కట్టడం కంటపడింది. ఆఫీసు లేదు, బాస్ లేడు. రోజుల తరబడి కూర్చుని చూడటమే పని.

గిజిగాడి గూడు గురించి అంతవరకు ఎవరూ గమనించని సంగతి ఆయన కనిపెట్టారు. మగపిట్ట ముందు గూడును సగమే అల్లుతుంది. ఆడపిట్టలు వచ్చి తనిఖీ చేస్తాయి. నచ్చితే ఒకటి అందులో చేరుతుంది. అప్పుడే మిగతా గూడు పూర్తవుతుంది. ఆడపిట్ట గుడ్ల మీద కూర్చుంటే, మగపిట్ట ఇంకో గూడు మొదలెట్టి మరో ఆడపిట్ట కోసం ఎదురుచూస్తుంది! ఈ అధ్యయనంతో శాస్త్రలోకంలో సలీం అలీ పేరు గట్టిగా వినిపించింది. ఉద్యోగం ఉండి ఉంటే ఆయన కిహీం వెళ్లేవారే కాదేమో.

నిజాం రాజ్యంలో సర్వే

ఆ తర్వాత సంస్థానాల్లో పక్షుల సర్వేలు చేశారు. వాటిలో ముందుగా జరిగిన వాటిలో ఒకటి మన హైదరాబాద్ సంస్థానంలోనే, 1931లో మొదలైంది. తెహ్మీనా కూడా ఆయనతో పాటు క్యాంపుల్లో తిరిగేవారు. 1939లో చిన్న ఆపరేషన్ తర్వాత ఆమె చనిపోయారు. ఆ దెబ్బకు కుంగిపోయిన ఆయన ముంబై బాంద్రాలోని పాలీ హిల్‌లో అక్క కమ్మూ ఇంట్లో ఉండిపోయారు. పిల్లలు లేరు. మిగిలింది పక్షులే.

ఇక్కడ ఓ మాట చెప్పుకోవాలి. సలీం అలీ తుపాకీని పూర్తిగా వదిలేయలేదు. సర్వేల్లో నమూనాల కోసం పక్షుల్ని కాల్చారు. ఆ రోజుల్లో శాస్త్రం నడిచిన పద్ధతి అది. కానీ సామాన్యుడి చేతికి తుపాకీ బదులు బైనాక్యులర్ ఇచ్చిందీ ఆయనే. 1941లో వచ్చిన ‘ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్’తో.. రంగుల బొమ్మ చూసి ఎవరైనా పిట్టను గుర్తుపట్టే వీలు కలిగింది. ఆ తర్వాత అమెరికా శాస్త్రవేత్త డిల్లాన్ రిప్లీతో కలిసి భారత్, పాకిస్థాన్ పక్షులపై 10 సంపుటాల హ్యాండ్‌బుక్ తెచ్చారు. భరత్‌పూర్ పక్షుల చిత్తడినేలల కోసం, కేరళ సైలెంట్ వ్యాలీ కోసం గట్టిగా నిలబడ్డారు.

ఆంధ్రా యూనివర్సిటీ డాక్టరేట్.. కడపలో కలివికోడి

1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్ వచ్చాయి. 1985లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. డిగ్రీ లేదని పక్కన పెట్టిన మనిషికి యూనివర్సిటీలు పిలిచి గౌరవ డాక్టరేట్లు ఇచ్చాయి. 1978లో మన ఆంధ్రా యూనివర్సిటీ కూడా ఆ గౌరవం ఇచ్చింది.

1986 జనవరిలో ఇంకో అద్భుతం. 1900 తర్వాత ఎవరికీ కనిపించక, అంతరించిపోయిందనుకున్న కలివికోడి కడప జిల్లాలో మళ్లీ దొరికింది. బీఎన్‌హెచ్‌ఎస్‌కు చెందిన భరత్ భూషణ్ స్థానికుల సాయంతో దాన్ని కనుగొన్నారు. చిన్నప్పుడు పిచ్చుకను పట్టుకుని వెళ్లిన ఆ సొసైటీయే దాన్ని వెతికి పట్టుకునే నాటికి సలీం అలీకి 89 ఏళ్లు. 1987లో ఆయన కన్నుమూశారు.

ఇప్పటికీ ముంబై వాసులు థానే క్రీక్‌లో ఫ్లెమింగోల కోసం, సంజయ్ గాంధీ నేషనల్ పార్కులో పిట్టల కోసం బైనాక్యులర్లు మెడలో వేసుకుని వెళ్తుంటారు. అంత దూరం వెళ్లలేకపోయినా ఫర్వాలేదు. ఈసారి ఊరెళ్లినప్పుడు ఈతచెట్టుకు వేలాడే గిజిగాడి గూళ్లను కాస్త ఆగి చూడండి. వాటిలో ఒకటి సగంలోనే ఆగిపోయి కనిపిస్తే.. అది ఏ ఆడపిట్టకూ నచ్చలేదేమో! ఆ రహస్యం మనకు చెప్పింది, ఉద్యోగం పోయి కిహీంలో కూర్చున్న ఆ మనిషే.